మా హైస్కూల్ పుస్తకం వేసిన గవర్నర్‌పేట ప్రెస్

పదో తరగతి బ్యాచ్ మళ్లీ కలిస్తే సాధారణంగా శాలువాలు, మెమెంటోలు, గేటు దగ్గర ఒక ఫ్లెక్సీ ఉంటాయి. మేము పుస్తకం వేయించాం. 1999 జూన్‌లో ఆరో తరగతిలో చేరిన రోజు నుంచి 2004లో పదో తరగతి ఆఖరి పేపరు రాసి బయటికొచ్చేదాకా, విజయవాడలో పటమట వైపు మునిసిపల్ హైస్కూల్లో గడిపిన మా ఐదేళ్లూ అందులో ఉన్నాయి. 96 పేజీలు, 75 కాపీలు. ఎక్కడ వేయించారు, ఎంతయింది అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ప్రెస్ గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో ఉంది. పేరు రాయొద్దని యజమానిగారే చెప్పారు. "ఇద్దరం మనుషులమమ్మా, పది ఆర్డర్లు ఒక్కసారి మీద పడితే ఏదీ సరిగ్గా చెయ్యలేం" అన్నారు. అంతకుముందు రెండు చోట్ల కనుక్కున్నాను. ఎన్ని పేజీలు, కలరా బ్లాక్ అండ్ వైటా అని మాత్రమే అడిగారు. ఈయన మొదట అడిగింది "ఎంతమంది పిల్లలు?" అని. అప్పుడే నాకు గురి కుదిరింది.

మేము వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకున్న జ్ఞాపకాలన్నీ యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో కనిపించే తెలుగులో ఉన్నాయి. ప్రెస్‌లో పేజీలు "అను" అనే వేరే రకం తెలుగు ఫాంట్లలో కడతారు. అందులోంచి ఇందులోకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి, కొన్ని అక్షరాలు ఇంకేవో అయిపోతాయి. డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టే పని చేసే అమ్మాయి ప్రతి లైనూ చదివి సరిచేసింది. ఊరికే చదవడం కాదు. హాల్ టికెట్ పేజీ దగ్గర ఆగి, "అక్కా, పదకొండు పేపర్లు అని ఉంది, కరెక్టేనా?" అని ఫోన్ చేసింది. కరెక్టే. మా అప్పుడు హిందీ ఒక్కటే ఒక పేపరు, మిగతా ఐదు సబ్జెక్టులకూ రెండేసి, మొత్తం 600 మార్కులు, హిందీకి 20 వస్తే పాసు.

ఫోటోల పని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆరో తరగతి గ్రూప్ ఫోటో ఒక్క కాపీ మిగిలింది, అదీ ఒక స్నేహితురాలి అమ్మగారి ట్రంకు పెట్టెలో. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. నేను గోటితో అంచు లేపబోతే యజమానిగారు చెయ్యి అడ్డుపెట్టారు. అలా పీకితే మొహాలు అద్దానికే ఉండిపోతాయట. అద్దంతోనే స్కాన్ చేశారు. దాని ప్రింటు మీద ట్రేసింగ్ పేపరు పరిచి ఆ అమ్మాయి ప్రతి మొహానికీ ఒక నంబరు వేసింది. మొత్తం 53. బ్యాచ్ అంతా కలిసి 52 పేర్లు చెప్పగలిగాం. 38వ నంబరు ఎవరో ఎవరికీ గుర్తు రాలేదు. నిలబడ్డవాళ్లలో కుడి చివర, పక్కవాడి భుజం వెనక సగం మొహం. చొక్కాకి పై గుండీ లేదు, పిన్నీసు పెట్టి ఉంది.

టైము లేదు, "ఒకరు" అని వేసెయ్యమన్నాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "అక్కా, ఆయన పుస్తకం తెరిస్తే ముందు అదే చూసుకుంటారు. ఇంకో వారం చూద్దాం" అంది. ఆ మొహం మట్టుకు పెద్దది చేసి పంపింది. చివరికి మా డ్రిల్లు మాస్టారు గుర్తుపట్టారు, మొహాన్ని కాదు, పిన్నీసును. గేటు దగ్గర పూలు అమ్మే ఆవిడ కొడుకు. ఏడో తరగతి తర్వాత మానేసి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో చేరాడు. ఇప్పుడు సొంతంగా వెల్డింగ్ షెడ్డు ఉంది. ఫోన్ చేస్తే, "లీడరుగారూ, నేను పది చదవలేదు కదండీ, నా పేరెందుకు?" అన్నాడు. నాకు వెంటనే నోట మాట రాలేదు.

ఆ సంగతి ప్రెస్‌లో చెప్పాను. అప్పటికి అట్టలు వేసి లామినేషన్ కూడా అయిపోయింది, వాటి మీద "పదో తరగతి బ్యాచ్, 2004" అని ఉంది. పదో తరగతి ఫోటోలో మేం 42 మందిమే. మధ్యలో పదకొండుమంది జారిపోయారు. యజమానిగారు కాసేపు ఊరుకుని, "అయితే చేరిన సంవత్సరం వేద్దాం" అన్నారు. ఇప్పుడు అట్ట మీద "ఆరో తరగతి, 1999" అని ఉంది. రెండోసారి వేసిన అట్టలకు కాగితం ఖర్చు తప్ప ఒక్క రూపాయి తీసుకోలేదు.

బైండింగ్ సంగతి తప్పక చెప్పాలి. గమ్ బైండింగ్ చవక. కానీ రెండు పేజీల మీద పరిచిన గ్రూప్ ఫోటోలో నడిమి మొహాలు మడతలోకి పోతాయి. డమ్మీ, అంటే నమూనా పుస్తకం కట్టి చూపించారు, అందులో మా సైన్స్ టీచరు సగం కనబడలేదు. దారంతో కుట్టించి, ఫోటో సరిగ్గా ఫారం (కలిపి మడిచి కుట్టే పేజీల కట్ట) నడుమకు వచ్చేలా పేజీలు జరిపారు. పుస్తకం బల్ల మీద పూర్తిగా తెరుచుకుంటుంది, అందరూ కనిపిస్తారు. మీరు ఏ ప్రెస్‌కి ఇచ్చినా ముందు డమ్మీ అడగండి.

లోపాలు కూడా ఉన్నాయి. కనుమ మర్నాడు పొద్దున పదింటికి మా కార్యక్రమం పెట్టుకుంటే పుస్తకాలు మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చాయి. ఒక వారం మా వల్లే పోయింది నిజమే, కానీ ముందురోజు రాత్రి దాకా "వచ్చేస్తాయమ్మా" అంటూనే ఉన్నారు. నేను ఆ టెన్షన్‌తో నిద్రపోలేదు. పెద్దవాళ్లు ముగ్గురు మాస్టార్లు అప్పటికే వెళ్లిపోయారు, వాళ్ల చేతికి అందరి ముందూ ఇవ్వలేకపోయామన్న బాధ పోలేదు. ఆరు కాపీల్లో ఒక ఫారం రెండుసార్లు పడింది, అవి మార్చి ఇచ్చారు. కలర్ పేజీలు 16, వాటిలో మొహాలు కొంచెం ఎర్రగా వచ్చాయి.

డీటీపీ, స్కానింగ్, బైండింగ్ అన్నీ కలిపి కాపీకి 360 పడింది. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర ఆలస్యానికి తగ్గించాను.

మానేసిన పదకొండుమందిలో ఏడుగురు దొరికారు. మిగతా నలుగురి కాపీలు మా ఇంట్లో బీరువాలో ఉన్నాయి. ఫైలు చెరపకుండా ఉంచుతామని, ఎప్పుడడిగినా ఒక్క కాపీ అయినా వేసి ఇస్తామని ప్రెస్‌వాళ్లు చెప్పారు. ఆటోనగర్ అతను మొన్న వాళ్లమ్మ కోసం ఒకటి వేయించుకున్నాడు.