జలగల సీసా దగ్గరే ఆగిపోవద్దు: ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో డాక్టర్ మెర్సర్ మందుల కొట్టు

వర్జీనియాలో ఫ్రెడరిక్స్‌బర్గ్ పాత ఊరు, 1020 కరోలైన్ వీధి. హ్యూ మెర్సర్ అపోథికరీ షాపు, అంటే మెర్సర్ అనే వైద్యుడి మందుల కొట్టు, అరగంటలో చూసి వచ్చేయగల చిన్న మ్యూజియం. 18వ శతాబ్దంలో వైద్యం ఎలా చేసేవారో చూపించే విషయంలో దీనికి వంక పెట్టనక్కర్లేదు. ఆ వైద్యుడి సంసారం ఎలా నడిచింది, కొట్టు ఎలా నిలబడింది అన్నదానికి మాత్రం సగం మార్కులే వేయాలి. ఆ సగం ముందే తెలుసుకుని వెళ్తే అదే టికెట్టుకి రెట్టింపు ఫలితం.

ఆనాటి వేషంలో ఉన్న గైడ్ చుట్టూ తిప్పి చూపిస్తారు. అల్మరాల నిండా మందుల జాడీలు, కల్వాలు, త్రాసులు, రంపాలు, నెత్తురు తీసే చాకులు, ఒక గాజు సీసాలో బతికున్న జలగలు. ఈ సామానంతా ఆ కాలపు కొట్టును కళ్లకు కట్టేందుకు పెట్టింది. ప్రతి వస్తువూ మెర్సర్ చేతిలో ఆడిందే అనుకోవద్దు.

జలగ వైద్యం మన ఆయుర్వేదంలోనూ ఉంది కాబట్టి మనవాళ్లు ఆ సీసా దగ్గర ఆగకుండా ఉండలేరు. అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పట్టుకున్న జలగను ఎలా విడిపిస్తారు? కడుపు నిండితే తనంతట అదే రాలిపోతుంది, అంతవరకు ఆగడమే పద్ధతి. తొందరపడి ఉప్పు చల్లితే తాగినదాన్ని గాయంలోకే కక్కి చీము పట్టిస్తుంది. రాలిపోయాక కూడా గంటల తరబడి నెత్తురు కారుతూనే ఉంటుంది, ఎందుకంటే గడ్డకట్టనివ్వని పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది. ఆ రోజుల్లో దాన్ని చూసి వైద్యం పనిచేస్తోందని సంబరపడేవారు, రోగి మాత్రం నీరసించేవాడు.

మాత్రల తయారీ గురించి అడిగితే ఇంకా బాగుంటుంది. పొడిని కల్వంలో నూరి, తేనెతోనో పాకంతోనో ముద్ద చేసి, పలక మీద తీగలా సాగదీసి, సమానంగా ముక్కలు కోసి, వేళ్లతో గుండ్రంగా తిప్పి, అంటుకోకుండా అతిమధురం పొడి అద్దేవారు. ముద్ద పొడిగా ఉంటే చిట్లిపోతుంది, జారుగా ఉంటే జాడీలో ఒకదానికొకటి అతుక్కుంటాయి. అసలు ప్రమాదం నూరడంలో ఉంది. నల్లమందులాంటిది ముద్దంతా సమానంగా కలవకపోతే ఒక మాత్ర ఉత్తిది, పక్క మాత్ర రెండింతల మోతాదు. డబ్బున్న రోగులకు మాత్రలకు బంగారు, వెండి రేకులు కూడా చుట్టేవారు. రేకు ఎంత చక్కగా చుడితే మందు కడుపులో కరగడం అంత కష్టం.

చలిజ్వరానికి సింకోనా బెరడు. అందులో పనిచేసే క్వినైన్‌ను విడిగా తీయడం 1820లో గాని కుదరలేదు, కాబట్టి మెర్సర్ కాలంలో ఏ బెరడులో ఎంత సత్తువ ఉందో కొలిచే దారి లేదు. చేదు పొడిని వైన్‌లో కలిపి పెద్ద మోతాదులో తాగించేవారు. వాంతులయ్యేవి, కాస్త జ్వరం తగ్గగానే రోగి మానేసేవాడు, జ్వరం తిరగబెట్టేది. గుండెల్లో మంటకి పీత డెక్కల పొడి ఇచ్చేవారు. వినడానికి నవ్వొచ్చినా అందులో ఉన్నది సున్నపు పదార్థమే, ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఈథర్ మత్తు 1846లో గాని రాలేదు కాబట్టి కాలు తీసేయాలంటే వేగమే దిక్కు. ఆ భాగం గైడ్లు కాస్త రక్తి కట్టించి చెబుతారు. చిన్నపిల్లలుంటే ముందే ఒక మాట చెప్పి ఆ నాలుగు ముక్కలూ తేలిక చేయించుకోండి.

ఇక్కడిదాకా బాగుంది. కొట్టు అన్నాక లెక్కలుండాలి కదా, అవే ఇక్కడ పలచన.

మెర్సర్ స్కాట్లండ్ వాడు. అబర్డీన్‌లో మారిషల్ కాలేజీలో వైద్యం చదివి, 1746లో కలోడెన్ యుద్ధంలో ఓడిపోయిన పక్షాన సర్జన్‌కు సహాయకుడిగా ఉండి, ఆ తరువాత సముద్రం దాటి పెన్సిల్వేనియా చేరాడు. అక్కడి సరిహద్దు యుద్ధంలోనే, తరువాత అమెరికా తొలి అధ్యక్షుడైన జార్జ్ వాషింగ్టన్‌తో స్నేహం. 1760 దరిదాపుల్లో ఫ్రెడరిక్స్‌బర్గ్ వచ్చి వైద్యమూ మందుల వ్యాపారమూ కలిపి పెట్టాడు. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ డాక్టరు నాడి చూసి, తన దగ్గరున్న మాత్రలే ఇచ్చి పంపినట్టు, రోగం చెప్పేదీ మందమ్మేదీ ఒకరే. ఎందుకలా అంటే ఆదాయం ఎక్కువ మందుల్లోనే ఉంది. వర్జీనియా శాసనసభ 1736లో ఫీజుల మీద ఒక చట్టం చేసింది. అప్రెంటిస్‌గా పని నేర్చినవాడు ఊళ్లోగాని అయిదు మైళ్లలోపుగాని ఒకసారి చూసినందుకు 5 షిల్లింగులు, విశ్వవిద్యాలయం డిగ్రీ ఉన్నవాడు 10. బిల్లులో మందులో ఏమేం కలిపాడో కూడా రాయాలని షరతు. చూసిన ఫీజు కంటే మందుల ధరల మీదే జనానికి కోపమని ఆ షరతే చెబుతోంది. చట్టం రెండేళ్లకే ముగిసింది, మెర్సర్ వచ్చేనాటికి లేదు. గోడ మీద ఈ రేట్ల పట్టిక ఒకటి పెడితే ఎంత బాగుండేది!

త్రాసు దగ్గర నిలబడినప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. మందుల తూకంలో 20 గ్రెయిన్లు ఒక స్క్రూపుల్, 3 స్క్రూపుళ్లు ఒక డ్రామ్, 8 డ్రాములు ఒక ఔన్సు, 12 ఔన్సులు ఒక పౌను. అంటే ఔన్సుకి 480 గ్రెయిన్లు, పౌనుకి 5,760. టోకు సరుకు తూగేది మామూలు బజారు తూకంలో: ఔన్సు 437.5 గ్రెయిన్లు, పౌను 7,000. ఒక పౌను బెరడు టోకుగా కొంటే మందుల తూకంలో పద్నాలుగున్నర ఔన్సుల పైచిలుకు వస్తుంది. పద్దులో ఏ పౌనో రాయకపోతే నిల్వ ఎప్పటికీ సరిపోదు. రాళ్లు తారుమారైతే ఔన్సు దగ్గర దాదాపు పదో వంతు మోతాదు తేడా వస్తుంది.

ఇక అరువు. అక్కడి తోటల యజమానుల చేతికి డబ్బొచ్చేది పొగాకు అమ్ముడైనప్పుడే, కాబట్టి ఏడాది పొడుగునా పద్దు రాసుకుని తరువాత వసూలు చేసుకోవాలి. మరోవైపు మందులు సముద్రం మీదుగా లండన్ నుంచి రావాలి. 1774 డిసెంబరు 1 నుంచి బ్రిటిష్ సరుకు దిగుమతిని అమెరికాలోని బ్రిటిష్ కాలనీలు బహిష్కరించాయి. అసలే డబ్బు ఆలస్యం, ఇప్పుడు సరుకూ రాదు: అలాంటి కొట్టుకి రెండువైపులా కోత.

సరిగ్గా ఆ ఏడాదే మెర్సర్ వాషింగ్టన్ దగ్గర, అతను చిన్నప్పుడు పెరిగిన ఫెర్రీ ఫార్మ్ అనే పొలం కొనడానికి బేరం కుదుర్చుకున్నాడు: వర్జీనియా కరెన్సీలో 2,000 పౌన్లు, అయిదు వార్షిక వాయిదాలు. ఎంత పెద్ద మొత్తమో తెలియాలంటే, రెండేళ్ల ముందు తల్లి మేరీ కోసం వాషింగ్టన్ ఊళ్లో కొన్న ఇల్లు 275 పౌన్లు. ఆ మేరీ కూడా మెర్సర్ రోగే. రోగులూ, స్నేహితులూ, భూమి బేరాలూ, మేసన్ లాడ్జీ (ఒక సోదర సంఘం) సభ్యత్వం అన్నీ ఒకే నలుగురు మనుషుల మధ్య తిరిగేవి.

ఆ వలయంలో ముఖ్యమైన ముడి పెళ్లి. మెర్సర్ భార్య ఇసబెల్లా, సత్రం నడిపిన జాన్ గోర్డన్ కూతురు. ఆమె అక్కచెల్లెళ్లలో క్యాథరిన్‌ను చేసుకున్న జార్జ్ వీడన్ మెర్సర్‌కి తోడల్లుడు, మామగారి సత్రం నడిపినవాడూ అతనే. ఒక తోడల్లుడి కొట్టుకి రోగులు, ఇంకో తోడల్లుడి సత్రానికి వార్తలు. బ్రిటన్ మీద జరిగిన స్వాతంత్ర్య యుద్ధంలో, 1776లో మూడో వర్జీనియా రెజిమెంటుకి మెర్సర్ కల్నల్ అయితే వీడన్ అతని కింద లెఫ్టినెంట్ కల్నల్. 1777 జనవరి 3న ప్రిన్స్‌టన్‌లో బాయొనెట్ (తుపాకీ మొన కత్తి) పోట్లు తిన్న మెర్సర్ 12న చనిపోయాడు. పిల్లలు అయిదుగురు, అందరూ చిన్నవాళ్లే. పిల్లల్లేని వీడన్ దంపతులు ఆ కుటుంబానికి అండగా నిలిచారు. చివరివాడు హ్యూ చదువు ఖర్చు దేశమే భరించాలని ఆ ఏప్రిల్‌లో కాంగ్రెస్ తీర్మానించింది. పుట్టు చెవిటి మూగ అయిన విలియం చిత్రకారుడు చార్లెస్ విల్సన్ పీల్ దగ్గర పని నేర్చుకుని, తండ్రి పడిపోయిన యుద్ధాన్నే బొమ్మగా వేశాడు. కూతురు ఆన్ స్కాట్లండ్ నుంచి వచ్చిన వ్యాపారి రాబర్ట్ ప్యాటన్‌ను పెళ్లాడింది. రెండో ప్రపంచ యుద్ధపు జనరల్ ప్యాటన్ ఆ వంశమే. ఇంత సంసారానికీ టూరులో దక్కేది ఒకటి రెండు వాక్యాలు. మీరే అడగాలి, అడిగితే చాలామంది గైడ్లు ఆనందంగా చెబుతారు.

చూసే వరుస ఇలా పెట్టుకుంటే లాభం. ముందు నదికి అవతలి ఒడ్డున ఫెర్రీ ఫార్మ్, దానికి వేరే సంస్థ, వేరే టికెట్టు. తరువాత మెర్సర్ కొట్టు. అక్కణ్ణుంచి నడిచి 1200 ఛార్లెస్ వీధిలో మేరీ వాషింగ్టన్ ఇల్లు. కొట్టూ, ఈ ఇల్లూ, రైజింగ్ సన్ టావెర్న్ ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి కాబట్టి కలిపి టికెట్టు ఉందేమో అడగండి. రైజింగ్ సన్ చూసి వీడన్ సత్రం అదేననుకోవద్దు. అది వాషింగ్టన్ తమ్ముడు ఛార్లెస్ ఇల్లు, సత్రంగా మారింది 1792లో.

ఈ ఊరు వాషింగ్టన్ డీసీ నగరానికీ రిచ్‌మండ్‌కీ మధ్యలో, రెండింటికీ దాదాపు 50 మైళ్లు. ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు నుంచి వచ్చేవాళ్లు శుక్రవారం మధ్యాహ్నం ఐ-95 హైవే ఎక్కితే సాయంత్రమంతా దాని మీదే పోతుంది, శనివారం పొద్దున్నే బయలుదేరండి. రైలైతే ఆమ్‌ట్రాక్ ఉంది, స్టేషన్ నుంచి కొట్టుకి నడిచే దూరమే. వీఆర్‌ఈ (వర్జీనియా రైల్వే ఎక్స్‌ప్రెస్) లోకల్ శని, ఆదివారాల్లో ఉందో లేదో ముందే చూసుకోండి. సెలవుల్లో, చలికాలంలో వేళలు మారతాయి కాబట్టి టికెట్టు ధరా తెరిచే సమయమూ బయలుదేరే ముందే చూసుకోండి.