టకోమాపై లిఫ్ట్ కిట్లు: ఏడేళ్లు, 86,000 మైళ్ల తరువాత

లిఫ్ట్ కిట్ (బండిని నేల నుంచి ఎత్తుగా లేపే సామగ్రి) కొనేటప్పుడు అందరూ అంగుళాలే చూస్తారు; నేనూ మొదట అంగుళాలే చూశాను. నా బండి 2017 మోడల్ టయోటా టకోమా పికప్, డబుల్ క్యాబ్, ఫోర్ వీల్ డ్రైవ్. అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటూ వారమంతా ఆఫీసుకు దీనిలోనే వెళ్తాను. సెలవు రోజుల్లో ఫోర్ పీక్స్, క్రౌన్ కింగ్ కొండదారులు తిరుగుతాను. యూటాలో సుమారు 100 మైళ్లు సాగే వైట్ రిమ్ రోడ్డును ఇప్పటికి రెండుసార్లు చుట్టి వచ్చాను. ఈ ఏడేళ్లలో మొదట స్పేసర్లు (ఎత్తు పెంచే దిమ్మలు), ఆ తరువాత కాయిలోవర్లు (ఎత్తును తిప్పి సర్దుకునే స్ప్రింగు-షాక్ జంటలు) వేయించుకున్నాను. ఆరు అంగుళాల బ్రాకెట్ కిట్ ఉన్న మిత్రుడి టకోమాను కూడా చాలాసార్లు నడిపాను.

మొదటి రెండేళ్లు ఉన్నవి స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన స్తంభం) నెత్తిన బిగించే స్పేసర్లు. టకోమా ముందు చక్రానికి పైన ఒకటి, కింద ఒకటి, దానిని ఫ్రేమ్‌కు కలిపే కంట్రోల్ ఆర్మ్‌లు ఉంటాయి. స్ట్రట్ కింది ఆర్మ్ మధ్య భాగంలో కూర్చుంటుంది కాబట్టి పైన ఒకటిన్నర అంగుళాల స్పేసర్ పెడితే చక్రం దగ్గర అది దాదాపు మూడంగుళాలు అవుతుంది. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ పాతవే గనుక తారు రోడ్డు మీద ప్రయాణం మునుపటిలాగే ఉంటుంది, ఖర్చూ స్వల్పమే. అయితే చక్రం గాలిలో వేలాడినప్పుడు అది ఎంతవరకు కిందికి జారాలో నిర్ణయించేది స్ట్రట్ పొడవే. ఆ పొడవును స్పేసర్ పెంచేసింది కాబట్టి చక్రం కంపెనీ గీసిన హద్దును దాటి జారుతుంది, చక్రాన్ని తిప్పే సీవీ యాక్సిల్ తనకు తగని కోణంలో తిరగవలసి వస్తుంది, పై బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రానికి కలిపే కీలు) కదలిక చివరి అంచుకు చేరుతుంది. బండి గుంతలో కుంగినప్పుడు దీనికి తలకిందులుగా జరుగుతుంది: కుంగుడును ఆపే రబ్బరు దిమ్మ, అంటే బంప్ స్టాప్, తగలకముందే షాక్‌లోని పిస్టన్ అడుగుకు కొట్టుకుంటుంది. పందొమ్మిదో నెలలో ఎడమవైపు సీవీ బూట్ (యాక్సిల్ కీలును కప్పే రబ్బరు తొడుగు) మడతల దగ్గర చిరిగి, గ్రీజు రిమ్ము లోపలంతా చిమ్మింది. కిట్‌తో వచ్చిన సూచనల కాగితంలో ఈ కోణాల గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

స్ప్రింగు మీద కూర్చుని దానిని ముందే నొక్కిపెట్టే స్పేసర్ మరో రకం. దానితో స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అంటారు గానీ స్ప్రింగు రేటు, అంటే ఎంత బరువుకు ఎంత నొక్కుకుంటుందన్న లెక్క, ఏమీ మారదు. చక్రం కిందికి జారడానికి షాక్‌లో మిగిలే దూరం తగ్గుతుంది, అందుకే స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు టక్కుమని చప్పుడు వస్తుంది.

నిజానికి నన్ను ఎక్కువగా విసిగించినది బూట్ చిరగడం కాదు, క్యాస్టర్ అనే వెనక్కి వాలిన కోణం పోవడం. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉన్నట్లే, పికప్‌లో కూడా పై బాల్ జాయింట్ కింది దానికంటే కొంత వెనుకగా ఉంటుంది; ఆ వాలు వల్లనే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు వస్తుంది. బండిని లేపినప్పుడు ఆర్మ్‌లు కిందికి వంగి ఈ వాలు తగ్గిపోతుంది. నా అలైన్‌మెంట్ కాగితంలో స్పేసర్ల తరువాత ఎడమవైపు 0.9, కుడివైపు 1.3 డిగ్రీలు మాత్రమే మిగిలాయి. ఫీనిక్స్ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్‌కు 17వ నంబరు హైవే ఎక్కే దారిలో పక్క గాలి వీస్తే, రెండు గంటలూ స్టీరింగ్‌ను సరిదిద్దుతూనే కూర్చోవాలి. కింది ఆర్మ్ దగ్గరున్న సర్దుబాటు బోల్టులతో మెకానిక్ ఎంత ప్రయత్నించినా, క్యాస్టర్ పెంచితే క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) చెడిపోయేది, క్యాంబర్ దిద్దితే క్యాస్టర్ జారిపోయేది.

మూడో ఏట కాయిలోవర్లతోపాటు కొత్త అప్పర్ కంట్రోల్ ఆర్మ్‌లు వేయించాను. పై బాల్ జాయింట్‌ను కొంత వెనక్కి జరిపి, మరింత కోణం తట్టుకునే జాయింట్‌తో తయారు చేసిన ఆర్మ్‌లు ఇవి. అదే మెకానిక్ అదే యంత్రం మీద చూస్తే రెండువైపులా క్యాస్టర్ 3.4 డిగ్రీలకు వచ్చింది. చేతులు స్టీరింగ్ మీద ఊరికే ఆనించి నడిపే హాయి తిరిగి వచ్చింది. సీలు లేని యూనీబాల్ రకం ఎడారి దుమ్ములో కిర్రుమంటుందని సీలు వేసిన బాల్ జాయింట్ రకాన్నే ఎంచుకున్నాను, దానికి ఇప్పటికీ చింత లేదు. కాయిలోవర్‌లో చక్రం ఎంతవరకు జారాలో షాక్ పొడవుతోనే కొలిచి తయారు చేస్తారు. అయినా మూడు అంగుళాలకు పోకుండా రెండుంపావు దగ్గర ఆపాను. అయిదేళ్లలో ఒక్క బూట్ కూడా చిరగలేదు. డ్రైవరు, ఇంధన ట్యాంకు ఒకే పక్కన ఉండటం వల్ల బండి కాస్త ఎడమకు వాలుతుంది కాబట్టి ఆ పక్క కాయిలోవర్‌ను కొంచెం ఎక్కువ తిప్పించాను. కొలత నేల నుంచి తీసుకోకూడదు, చక్రం హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు తీసుకోవాలి. లేకపోతే టైరు గాలి తేడా కూడా లెక్కలో కలిసిపోతుంది.

ముందు చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌ను ముందువైపు మాత్రమే కాస్త దించే డ్రాప్ కిట్ కూడా కొన్నాను. డబ్బు దండుగ. సీవీ యాక్సిల్ కోణంలో వచ్చిన తేడా కంటికి ఆనలేదు.

వెనుక భాగం కథ వేరు. మన లారీ మెకానిక్‌లు కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) అనేవే ఇక్కడా ఉన్నాయి. మొదట యాక్సిల్‌కు, కమాన్‌కు మధ్య దిమ్మ పెట్టించాను. రాళ్ల మీద యాక్సిలరేటర్ నొక్కగానే ఆ దిమ్మ ఎత్తు మీటలా పనిచేసి యాక్సిల్ మెలితిరిగేది, వెనుక చక్రాలు గెంతేవి. ఒక పట్టీ అదనంగా చేర్పిస్తే గెంతడం తగ్గింది గానీ ఖాళీ బండి ఎద్దులబండిలా కుదిపేసింది. చివరికి కట్ట మొత్తం మార్చి సన్నని పట్టీలు ఎక్కువగా ఉన్నది వేయించాను. కుంగడంలోనూ లేవడంలోనూ అది ఎంతో మెత్తగా ఉంది. ఎత్తు పెరగడంతో శక్తిని వెనుక యాక్సిల్‌కు చేర్చే రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి, బయలుదేరిన తొలి క్షణాల్లో కింద వణుకు మొదలైంది. షాఫ్ట్ మధ్యనున్న సెంటర్ బేరింగ్‌కు, ఫ్రేమ్‌కు మధ్య చిన్న స్పేసర్లు వేసి దానిని దించితే ఆ వణుకు పోయింది.

మిత్రుడి ఆరు అంగుళాల కిట్ తీరే వేరు. అందులో డిఫరెన్షియల్‌ను, కింది ఆర్మ్‌ల బిగింపులను కొత్త క్రాస్‌మెంబర్లతో (ఫ్రేమ్‌కు అడ్డంగా ఉండే దూలాలతో) కిందికి దించి, పొడవైన నకిల్ (చక్రం బిగిసే ముక్క) వేస్తారు. కాబట్టి అంత ఎత్తులోనూ సీవీ, టై రాడ్ (చక్రాన్ని తిప్పే స్టీరింగ్ కడ్డీ) కోణాలు దాదాపు కంపెనీ ఇచ్చినట్లే ఉంటాయి. జ్యామితి పరంగా నా పాత స్పేసర్ల కంటే ఇది ఎంతో నిజాయితీగల పని. కానీ ఫ్రేమ్‌కున్న అసలు క్రాస్‌మెంబర్‌ను కోయాలి, మళ్లీ వెనక్కి పోయే దారి ఉండదు. పైగా దించిన క్రాస్‌మెంబరే ముందుగా రాయికి తగులుతుంది. వైట్ రిమ్‌లో మర్ఫీ హాగ్‌బ్యాక్ ఎక్కేటప్పుడు నేను తగలకుండా దాటిన మెట్టు మీద అతని బండి రెండుసార్లు గీసుకుంది. మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చినప్పుడు నా బండి ఎక్కడానికే వంటింటి పీట వేయవలసి వచ్చింది. అతని బండిని చూసి, "దానికి నిచ్చెన కావాలిరా" అంది.

ఏ కిట్ వేసినా వెనుక యాక్సిల్ గుండు (డిఫరెన్షియల్ ఉండే ఉబ్బు) మాత్రం నేలకు ఎప్పటంత దగ్గరగానే ఉంటుంది. దానిని లేపేది టైరు ఒక్కటే. 265/65 ఆర్ 17 తీసి 285/70 ఆర్ 17 వేస్తే యాక్సిల్ కింద 27 మిల్లీమీటర్లు కలిసి వచ్చాయి, స్పీడోమీటర్ అసలు వేగం కంటే 7 శాతం దాకా తక్కువ చూపడం మొదలుపెట్టింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు రాసుకోవడంతో క్యాబ్‌ను ఫ్రేమ్‌కు బిగించే క్యాబ్ మౌంట్ అంచును కోయించి వెల్డింగ్ పెట్టించాను. ఆ ఒక్క పనికి అయిన కూలి నా మొదటి స్పేసర్ల ధరకంటే ఎక్కువ.