అమ్మమ్మ ఊలుతో బేబీ దుప్పటి: అంతా అదేనా, అంచుకి మాత్రమేనా?

అమ్మమ్మ పోయాక ఆవిడ పెట్టెలో పదకొండు ఊలు ఉండలు దొరికాయి. అక్కకి పుట్టబోయే బిడ్డకి వాటితో దుప్పటి అల్లుతానంటే అడిగిన వాళ్లంతా ఒకటే సలహా ఇచ్చారు: మధ్యలో కొత్త కాటన్ దారం వాడు, చుట్టూ అంచుకి మాత్రం అమ్మమ్మ ఊలు పెట్టు. వినడానికి బాగుంది, నేనూ దాదాపు ఒప్పేసుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే మాత్రం వద్దనే చెప్తాను.

ఎందుకంటే బేబీ దుప్పటికి ఉతుకులు ఎక్కువ. వేడి నీళ్లు, రాపిడి కలిస్తే ఊలు ముడుచుకుని గట్టిపడుతుంది, కాటన్ అంతగా ముడుచుకోదు, అప్పుడు అంచు బిగుసుకుపోయి మధ్య భాగం సంచిలా ఉబ్బుతుంది. కొత్త దారం కలపాలంటే అదీ ఊలే అయ్యుండాలి, దుప్పటిని చల్లటి నీళ్లలో చేత్తో ఉతకాలి.

మీ దగ్గరున్నది అసలు ఊలేనా? చిన్న ముక్కని పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్లు పెట్టుకుని కాల్చి చూడండి. ఊలైతే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే చాలావరకు ఆరిపోతుంది, బూడిద నలిపితే పొడి అవుతుంది. కరిగి గట్టి పూసలా అయితే అక్రిలిక్ లాంటి కృత్రిమ దారం, దానికి కొత్త అక్రిలిక్ కలిపినా ఇబ్బంది లేదు.

పాత ఊలుని రెండు చేతులతో లాగి కూడా చూడాలి. ఊరికే పుటుక్కున తెగితే ఏ డిజైన్ అయినా నిలవదు, దాన్ని దాచుకోవడమే మేలు. చిమ్మెటలు పట్టాయని అనుమానముంటే గాలి చొరని కవర్లో కట్టి −18 డిగ్రీల ఫ్రీజర్లో కనీసం రెండు వారాలు ఉంచండి.

ఇక చిన్న చదరాలు అల్లి కలపాలా, ఒకటే పెద్ద చదరం అల్లాలా? చిన్నవి ఎక్కడికైనా పట్టుకెళ్లి అల్లుకోవచ్చు, నిజమే, కానీ మూడు రంగుల చదరాలు 30 అల్లితే దాచాల్సిన దారం కొసలే 180, అందులో ఒక్కటి సరిగ్గా దాచకపోయినా ఉతుకులో ఊడి వస్తుంది. నా ఓటు పెద్ద చదరానికే. మధ్యలో మొదలుపెట్టి చుట్లు చుట్లుగా పెంచుకుంటూ పోతే ఊలు ఎక్కడ అయిపోతే అక్కడ ఆపేయొచ్చు, ఇక దొరకని ఊలుకి ఇంతకన్నా ధైర్యం ఏముంటుంది! ఒక చుట్టుకి ముందూ తర్వాతా ఉండని తూచండి, తగ్గిన బరువే ఆ చుట్టుకి పట్టిన ఊలు, తర్వాతి చుట్టుకి అంతకన్నా కాస్త ఎక్కువే పడుతుంది. 75 సెంటీమీటర్లు వస్తే చాలు. కన్నాలుండే గ్రానీ స్క్వేర్ అనే క్రోషే డిజైన్ కాకుండా దగ్గర దగ్గరగా అల్లండి, కన్నాల్లో పసివాళ్ల వేళ్లు ఇరుక్కుంటాయి.

ఇంకో మాట, ఏడాది లోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు పక్కలో వదులు దుప్పటి ఏదీ ఉండకూడదు. మీరు పక్కనే ఉండి ఆడించేటప్పుడు కింద పరచడానికి వాడండి.

చివరి చుట్టు కోసం ఎంత ఆశగా ఉన్నా ఒక చిన్న ఉండ మాత్రం మిగల్చండి, రేపు ఎక్కడైనా తెగితే ఆ రంగు మళ్లీ దొరకదు.