గ్రేటర్ నోయిడా లాడ్జి, కొడగు కడంబుట్టు: రేసుల వెంట మా ఏడాది

ఆటోవాడితో పది రూపాయల కోసం పావుగంట వాదించే మా బావ, బైకు రేసు చూడ్డానికి వెళ్లిన గ్రేటర్ నోయిడాలో ఆ రాత్రి పదకొండున్నరకి లాడ్జి కౌంటర్ ముందు నోట మాట రాక నిలబడిపోయాడు.

జూలైలోనే బుక్ చేసుకున్న గది అది. ముగ్గురికి కలిపి రాత్రికి 2,200. మూడు రాత్రులు. ఒక రాత్రి అద్దె ముందే కట్టేశాం. ఆ మెసేజ్ చూపిస్తే కౌంటర్‌లో ఉన్నతను ఫోన్ చేతిలోకి కూడా తీసుకోలేదు. "రేసు రేటు వేరే. రాత్రికి 7,500. ఇష్టమైతే ఉండండి" అన్నాడు. మేనేజర్‌ని పిలవమంటే నిద్రపోతున్నాడన్నాడు. మా వెనకే బెంగళూరు నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు, వాళ్లదీ ఇదే కథ. మేనల్లుడు బయటికెళ్లి చుట్టుపక్కల నాలుగు చోట్ల అడిగి వచ్చాడు, ఎక్కడా ఖాళీ లేదు. అర్ధరాత్రి దాటాక 5,000కి ఒప్పుకున్నారు. ఇచ్చిన గది కిటికీ తెరిస్తే ఎదురుగా జనరేటర్. కుళాయిలో నీళ్లు ఉదయం ఆరుకి వచ్చి ఏడుకి ఆగిపోయాయి. దుప్పటి మార్చమంటే, అదే ఉతికిన దుప్పటి అన్నారు. మూడు రాత్రులకీ 15,000 విడిగా గుంజారు, ముందు కట్టిన 2,200 అందులో కలపలేదు. తిరిగి పంపిస్తామన్నారు కానీ ఇప్పటికీ రాలేదు.

వెళ్లింది 2023 సెప్టెంబర్ 22 నుంచి 24 వరకు అక్కడి బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన మోటోజీపీకి, అంటే ప్రపంచ స్థాయి బైకు రేసుకి. మన దేశంలో మోటోజీపీ జరగడం అదే మొదటిసారి. అదే ట్రాక్ మీద వెట్టెల్ మూడేళ్లు వరుసగా గెలిచిన ఫార్ములా వన్ కార్ల రేసుల్ని 2011 నుంచి 2013 దాకా టీవీలోనే చూసి బాధపడ్డవాణ్ని. అందుకే ఈసారి ఎంత ఖర్చయినా వదలకూడదనుకున్నాను.

రేసు గురించి వంక పెట్టడానికేం లేదు. దాదాపు ఐదు కిలోమీటర్ల ట్రాక్, అందులో కిలోమీటరుకు పైగా ఒకటే స్ట్రెయిట్. ఆ చివర బైకులు బ్రేక్ వేసినప్పుడు వెనక చక్రం గాల్లో తేలడం టీవీలో ఎప్పుడూ అంత స్పష్టంగా కనిపించలేదు. శనివారం జరిగే చిన్న రేసు, స్ప్రింట్‌లో మొదటి మలుపులోనే సొంత టీమ్ రైడర్ మరీనీ తగలడంతో ఇటలీ రైడర్ బెజెక్కీ ఎక్కడో వెనక్కి వెళ్లిపోయాడు. అయినా ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఐదో స్థానానికి వచ్చాడు. ఆదివారం అసలు రేసులో ముందుకెళ్లినవాడు మళ్లీ ఎవరికీ దొరకలేదు, గెలిచాడు. మార్టిన్ రెండు, క్వార్టరారో మూడు. ఎండ ఎంత ఉందంటే 24 ల్యాపుల రేసుని 21కి తగ్గించారు, మార్టిన్ రేసు అయ్యాక నీరసంతో కూలబడ్డాడు. మాకు నీడ లేని స్టాండ్. బావ తల మీద తడి తువ్వాలు వేసుకుని, ఆదివారం మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. చాంపియన్ బన్యాయా పడిపోయినప్పుడు మాత్రం లేచి నిలబడ్డాడు.

విమానం, టికెట్, గది, తిండి అన్నీ కలిపి మనిషికి 23,480 అయింది. మళ్లీ అక్కడ ఏ పెద్ద రేసు పెట్టినా సర్క్యూట్ దగ్గర గది తీసుకోకండి. ఢిల్లీలో మెట్రో బ్లూ లైన్ పక్కన దిగండి. నోయిడా దాకా వచ్చి ఆక్వా లైన్ మారితే పరీ చౌక్ వరకు చేరుకోవచ్చు, అక్కడి నుంచి ఆటో. గంటన్నర, రెండు గంటలు పడుతుంది. పడితే పడనీయండి, కనీసం ప్రశాంతంగా నిద్రపోతారు. ఆన్‌లైన్‌లో బుక్ చేసినా సరే, వారం ముందు నేరుగా ఫోన్ చేసి రేటు మళ్లీ చెప్పించుకోండి. ఆ మాటలు రికార్డ్ చేసి పెట్టుకోండి.

ఆ ఏడాది మొదలైంది మన ఊళ్లోనే. ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల రేసు, ఫార్ములా ఈ. మాది వెయ్యి రూపాయల టికెట్. రోజూ ఆఫీసుకి వెళ్లే దారిలో కాంక్రీట్ గోడలు పెట్టి, కార్లు అలా దూసుకుపోతుంటే ఒళ్లు పులకరించింది. ఎలక్ట్రిక్ కార్లకి చప్పుడు ఉండదని అందరూ అన్నారు. అది తప్పు. మోటారు కూత, టైర్ల కీచు, గోడ మీంచి తిరిగొచ్చే గాలి అన్నీ వినిపిస్తాయి. హెయిర్‌పిన్ మలుపు దగ్గర జాగ్వార్ టీమ్ కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. చివర్లో ముందున్న డ్రైవర్ వెర్న్ దగ్గర బ్యాటరీ చార్జ్ తక్కువ, వెనకే కాసిడీ. ఎలా కాపాడుకున్నాడో గానీ వెర్నే గెలిచాడు. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన మనవడికి చార్జ్ శాతాల లెక్క వివరిస్తుంటే నేనూ అదే విన్నాను, చాలా తెలిసింది. 2024లో కూడా వస్తుందని ఎదురుచూశాం కానీ ఆ రేసు జనవరిలోనే రద్దయింది. ఆ వార్త చదివిన రోజు మేనల్లుడు అన్నం సరిగ్గా తినలేదు.

కోయంబత్తూరు శివార్లలోని కరి స్పీడ్‌వే అనే రేసు ట్రాక్‌కి శబరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి వచ్చాం. అంతా సాఫీగా సాగింది.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ గురించి మాత్రం చెప్పాలి. బెంగళూరు హైవే మీద, శ్రీపెరుంబుదూరుకి ముందే వస్తుంది. కోయంబేడు నుంచి శ్రీపెరుంబుదూరు వెళ్లే బస్సెక్కితే దగ్గరలో దింపారు. 1990 నుంచి నడుస్తున్న ట్రాక్, 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. జాతీయ పోటీల రోజు మేం వెళితే టికెట్ అడగలేదు. నోయిడాలో బైకులు గీతల్లా కనిపించాయి, ఇక్కడ డ్రైవర్ చేతులు స్టీరింగ్ మీద ఎలా కదులుతున్నాయో కనిపించింది. రేసుల మధ్య విరామంలో ఒక మెకానిక్ మా మేనల్లుణ్ని దగ్గరికి పిలిచి, ఫార్ములా ఎల్‌జీబీ అనే రేసు కారు వెనక మూత తీసి చూపించాడు. లోపల మారుతీ ఇంజన్. మన వీధుల్లో తిరిగే కారు గుండె అది! మా వాడు మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. హైదరాబాద్ చేరేదాకా ఆ ఎగ్జాస్ట్ పైపుల వంపు గురించే చెబుతూ వచ్చాడు. గది 1,350, మంచి నీళ్లు, శుభ్రమైన దుప్పట్లు. మధ్యాహ్నం హైవే పక్కన అరిటాకు భోజనం 120. చెవుల్లో పెట్టుకోడానికి దూది తప్పకుండా తీసుకెళ్లండి.

ఇక కొడగు. జాతీయ కార్ల ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఒక రౌండ్, రోబస్టా ర్యాలీ. కాచిగూడ నుంచి మైసూరు రైలు, అక్కడి నుంచి హుణసూరు మీదుగా గోణికొప్ప బస్సు. ర్యాలీ చూడటం రేసు చూడటంలా ఉండదని ముందే చెప్పాను, బావ నమ్మలేదు. స్టాండ్ ఉండదు, తెర ఉండదు. కాఫీ తోటలో మట్టి దారి, ఇటూ అటూ నీడ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. దారి మూసేలోపే, అంటే చీకటితోనే, నడిచి వెళ్లి కూర్చోవాలి. ఒకసారి మూశాక చివరి కారు వెనక, అన్నీ వెళ్లాయని చూసుకునే స్వీప్ బండి వచ్చేదాకా కదలడానికి వీల్లేదు.

మొదట ఏమీ ఉండదు, పక్షులే. తర్వాత ఎక్కడో కొండ అవతల ఇంజన్ అరుపు, అది ఏ వైపు నుంచి వస్తోందో కూడా తెలియదు. మార్షల్ విజిల్. మలుపులోంచి కారు అడ్డంగా జారుకుంటూ వచ్చి, మన ముందు ఎర్రమట్టి ఎగజిమ్మి, మూడు సెకన్లలో మాయమవుతుంది. లోపల కో-డ్రైవర్ తల వంచుకుని, రాబోయే మలుపుల గురించి రాసుకున్న నోట్స్ పైకి చదువుతూనే ఉంటాడు, దారి వైపు చూడడు. డ్రైవర్‌కి తర్వాతి మలుపు కనపడదు, వినపడుతుంది. మొదటి కారు వెళ్లాక బావ నా చెయ్యి పట్టుకుని "ఇన్నాళ్లూ ఇది ఎందుకు చూపించలేదురా?" అన్నాడు. ఆరు గంటలు మట్టిలో కూర్చున్నాం, ఒక్కసారి కూడా విసుక్కోలేదు తను.

నిలబడేటప్పుడు మలుపు లోపలి వైపు, గట్టు మీద, చెట్టు వెనక నిలబడండి. బయటి వైపు ఎప్పుడూ వద్దు, జారిన కారు అటే వస్తుంది. ఎర్ర టేపు దాటొద్దు. మధ్యాహ్నం కార్లు బాగుచేసే సర్వీస్ పార్క్‌కి తప్పకుండా వెళ్లండి. గడియారం పెట్టుకుని మరమ్మతు చేస్తారు. చెప్పిన వేళకి కారు చేరాల్సిన చోటు, టైమ్ కంట్రోల్‌కి ఒక్క నిమిషం ఆలస్యమైనా పది సెకన్లు పెనాల్టీ.

మేం దిగింది ఒక తోటలో హోమ్‌స్టే. రెండు పూటలా భోజనంతో మనిషికి 1,400. ఆ ఇంటి పెద్దావిడ ఉదయం నాలుగింటికే లేచి, మేం అడక్కుండానే అక్కిరొట్టెలు, అంటే బియ్యప్పిండి రొట్టెలు కాల్చి, కొబ్బరి పచ్చడితో ఆకులో కట్టి ఇచ్చింది. రాత్రి కడంబుట్టు పెట్టింది. బియ్యపు రవ్వని ఉండలు చేసి ఆవిరి మీద ఉడికించినవి. దానికి కాచంపులి అనే పండు రసపు పులుపు వేసిన పంది కూర. బావ పంది తినడని తెలిసి తనకి విడిగా నాటుకోడి వండింది. ఆ కాచంపులి పులుపు మన చింతపండు పులుపు కాదు. నల్లగా, చిక్కగా, నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది. ఆవిడకి తెలుగు రాదు, మాకు కన్నడం అంతంత మాత్రం. "ఊట ఆయితా?" (భోజనం అయిందా) అని రోజూ అడిగేది. మూడో రోజు మేనల్లుడు వంటింట్లో కూర్చుని ఆమెతో ఉండలు చుట్టాడు.

రైలు, బస్సు, జీపు, బస అన్నీ కలిపి నాలుగు రోజులకి మనిషికి 7,160. నోయిడాలో అయినదాంట్లో మూడో వంతు కూడా కాదు.

మొన్న ఆ పెద్దావిడకి ఫోన్ చేసి, మళ్లీ ర్యాలీ ఉంటే ముగ్గురం వస్తామని, అడ్వాన్స్ పంపుతామని చెప్పాను. డబ్బులు వద్దంది. ఎన్నో తారీఖు రాత్రికి చేరతారో చెప్పండి చాలు, స్నానానికి వేన్నీళ్లు కాచి ఉంచుతానంది.