20 బై 30 సైటులో మండువా: కాపురం చేశాక నా మాట

బెంగళూరులో 20 బై 30 అడుగుల సైటు అంటే అంగుళం వదలకుండా గది వేసుకుంటారు. మేము మాత్రం మెట్ల పక్కన నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున కింది నుంచి పైకప్పు దాకా ఖాళీ వదిలాం. నడుమ ఆకాశానికి తెరిచి ఉండే మన మండువా లోగిళ్ల ఆలోచనే. పైన గాజు కప్పు, దాని కింద చుట్టూ లూవర్లు, అంటే గాలి ఆడేలా సందులు వదిలి వాలుగా బిగించిన పలకలు. అంతస్తుకు 24 చదరపు అడుగులు పోయాయని మేస్త్రీ చివరిదాకా నొచ్చుకున్నాడు. ఈ ఇంట్లో నాకు ప్రాణమైనది ఆ ఖాళీయే.

సంపు, ఇంకుడు గుంత, సోలార్ హీటర్ అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

2024 ఏప్రిల్లో, ఊరంతా నీళ్ల ట్యాంకర్ల కోసం కాచుకున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం కరెంటు పోయి చీకటిపడే దాకా రాలేదు. కింది గదిలో అత్తయ్య ఫ్యాను లేకుండానే నిద్రపోయారు. దేవుడి గూటి దగ్గర అగరబత్తి పొగ నిటారుగా లేవకుండా మండువా వైపు వంగి, మెట్ల వెంట పైకి సాగి, లూవర్ల సందుల్లోంచి బయటికి పోయింది. వేడిగాలి తేలికై పైకి పోతుంటే నీడపట్టున ఉన్న ఉత్తరపు కిటికీల నుంచి గాలి లోపలికి వస్తోంది. ఆ సూత్రం బడిలో చదువుకున్నదే. అయినా మా ఇంట్లో అది కళ్లెదుట జరుగుతుంటే ఎంత సంతోషం కలిగిందో!

ఇందులో గోడలకూ వాటా ఉంది. కొద్దిగా సిమెంటు కలిపి, కాల్చకుండా అచ్చొత్తిన మట్టి ఇటుకలవి. ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో 1970ల నుంచి పరిశోధన జరిగిన పద్ధతి. రాత్రి కిటికీలు తెరిచి ఉంచితే గోడలు చల్లబడి పగలంతా ఇంటిని చల్లగా ఉంచుతాయి.

ఫ్యాను అక్కర్లేదన్నది కింది రెండు అంతస్తుల మాట. పై గది శ్లాబు రోజంతా ఎండకు కాగుతుంది; తెల్లటి పూత వేయించినా ఏప్రిల్, మే నెలల్లో అక్కడ ఫ్యాను తప్పదు. ఇక తిరగమోత! కింద ఎండుమిర్చి వేస్తే పైన చదువుకునే అమ్మాయి దగ్గుతుంది. వంటింటికి తలుపు పెట్టించాక తగ్గింది, పోలేదు. గాలివానకు లూవర్ల నుంచి జల్లు కొట్టి గ్రానైటు మెట్లు జారేవి. పైన రేకు చూరు దింపాక ఆ బెంగ తీరింది.

చెన్నైలో ఇల్లు కట్టబోతున్న మా బావగారు ఇదే నమూనా కావాలన్నారు. తొందరపడవద్దన్నాను. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున్న ఈ ఊళ్లో వేసవి రాత్రులు చల్లబడతాయి. అక్కడ రాత్రి కూడా ఉక్కే. పైగా మాకు ఉత్తరపు పక్క సైటు ఇంకా ఖాళీగా ఉంది. అక్కడ నాలుగంతస్తులు లేస్తే మా కిటికీలకు ఎంత గాలి మిగులుతుందో అప్పుడు చూడాలి.