చిన్న గదికి ఏ రిబ్బన్ మైకు? పర్లాకిమిడిలో మూడింటిని వాడి చూసిన అనుభవం

పర్లాకిమిడిలో నేను పాటలు రికార్డు చేసే గది పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు పది అడుగులు; పైన స్లాబు, నాలుగు వైపులా సిమెంటు గోడలు. ఈ గదికి వచ్చేవారిలో హరిదాసులు, భజన బృందాలవారు, పెళ్లిళ్లలో సన్నాయి వాయించేవారు ఎక్కువ. అప్పుడప్పుడు బరంపురం నుంచి వయొలిన్ విద్వాంసులు కూడా వస్తారు. చాలాకాలం సన్నని ధ్వనులను కూడా పట్టే కండెన్సర్ మైకులతోనే పని నడిపాను గాని, తారస్థాయిలో సన్నాయి చెవిని కోసినట్టు వినిపించడం, పాటలో ‘స’, ‘శ’ అక్షరాలు ఈలలా చీలడం నన్ను ఎంతో బాధించేవి. అందుకే రెండేళ్లుగా ఎంఎక్స్‌ఎల్ ఆర్144, బేయర్‌డైనమిక్ ఎం160 అనే రిబ్బన్ మైకులు కొని వాడుతున్నాను. విశాఖలోని ఒక మిత్రుని దగ్గర నుంచి రోయర్ ఆర్-121ను వారం రోజులు తెచ్చుకుని పరీక్షించాను.

అయస్కాంత ధ్రువాల మధ్య వేలాడే, ముడతలు పెట్టిన పలుచని అల్యూమినియం రేకే రిబ్బన్ మైకుకు ప్రాణం. రోయర్‌లో ఆ రేకు మందం 2.5 మైక్రాన్లు మాత్రమే. ధ్వని తాకి రేకు కదిలినప్పుడు ఆ రేకులోనే విద్యుత్తు పుడుతుంది. 1930ల మొదట్లో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థలో హ్యారీ ఓల్సన్ ఈ పద్ధతిలో రూపొందించిన మైకులు రేడియో స్టూడియోలలో చాలాకాలం నిలిచాయి. ఈ రేకు తీక్షణ స్వరాలను ఉబ్బించి చూపదు కనుకనే సన్నాయి దీనిముందు మెత్తబడుతుంది.

అయితే ఆర్144, ఆర్-121 వంటి మైకులు ముందువైపు ఎంత వింటాయో వెనుకవైపూ అంతే వింటాయి. పక్కల నుంచి వచ్చే ధ్వని మాత్రం రేకును రెండు వైపులా సమానంగా నెట్టి రద్దయిపోతుంది. ఈ గుణం నాకు మొదట శాపంగా కనిపించింది. ఆర్144ను గోడకు రెండడుగుల దూరంలో నిలిపి హరికథ తీసినప్పుడు, గోడను తాకి తిరిగొచ్చిన ధ్వని అసలు గొంతుతో కలిసి, డబ్బాలో కూర్చుని పాడినట్టు వినిపించింది. మైకు వెనుక రెండు దూది బొంతలు వేలాడదీసిన తరువాతే గొంతు తేరుకుంది. అదే గుణం మరోచోట వరమైంది. గాయకుడు మైకుకు ఎదురుగా, మృదంగం సరిగ్గా పక్కవైపున ఉండేటట్టు కూర్చోబెడితే, ఒకే గదిలో ఇద్దరూ కలిసి పాడి వాయించినా గొంతు మైకులో మృదంగం చాలా తక్కువగా పడుతుంది. విడివిడిగా తీస్తే రాని ఊపు అలా కలిసి తీసినప్పుడే వస్తుందని నా నమ్మకం.

ఎం160 నిర్మాణం వేరు. ఇందులో రెండు రేకులుంటాయి. వెనుకవైపు వినికిడి బాగా తగ్గి, ముందువైపే ఎక్కువగా వినే హైపర్‌కార్డియాయిడ్‌గా పనిచేస్తుంది. చిన్న గదిలో ఇదే అసలైన తేడా: బొంతలు లేకున్నా గొంతు శుభ్రంగా వచ్చింది; వయొలిన్ మీద కమాను రాపిడి గరుకు కాకుండా స్పష్టంగా వినబడింది. ధర ఆర్144కు ఎన్నో రెట్లు ఉన్నా, నాలాంటి గది ఉన్నవారికి నేను మొదట చెప్పేది దీని పేరే.

సన్నాయికి మాత్రం మూడింటిలో రోయర్‌దే పైచేయి. 135 డెసిబెళ్ల వరకు తట్టుకునే శక్తి దానికుంది; మూడడుగుల దూరంలో, కొంచెం ఓరగా నిలిపి తీసిన రికార్డింగు విన్న పెద్ద విద్వాంసుడు ఒకాయన, “మొన్నటిది కీచుగా ఉంది బాబూ, ఇది మా ఇంట్లో వాయించుకున్నట్టుంది” అన్నారు. దగ్గరగా పాడితే దీని వెనుకవైపు ముందువైపు కన్నా కాస్త ప్రకాశంగా పలుకుతుంది కనుక, మందమైన గొంతులకు అటువైపు తిప్పి, పొలారిటీ (సంకేతపు ధన, రుణ దిశలు) మార్చి వాడవచ్చు. వీణకు ఈ మూడింటిలో ఏదీ నాకు నచ్చలేదు. అంత సన్నని నాదానికి కండెన్సరే మేలు.

వీణ విషయంలో అలా అనడానికి కారణం ప్రీయాంప్, అంటే మైకు ఇచ్చే సంకేతాన్ని పెంచే భాగం. రిబ్బన్ మైకులు ఇచ్చే సంకేతం చాలా బలహీనం. ఎం160 విషయంలో అది, ధ్వని పీడనపు కొలమానమైన పాస్కల్‌కు ఒక మిల్లీవోల్టు మాత్రమే. మైకును కంప్యూటరుకు కలిపే నా ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ (సంకేతాన్ని పెంచే మీట) పూర్తిగా తిప్పితే నాదంకన్నా ముందు ‘సుయ్’మనే చప్పుడు లేచేది. క్లౌడ్‌లిఫ్టర్ సీఎల్-1 అనే, సంకేతాన్ని పెంచే చిన్న పెట్టెను మధ్యలో పెట్టిన తరువాత సుమారు 25 డెసిబెళ్ల బలం వచ్చి ఆ చప్పుడు వెనక్కి తగ్గింది. ఇది కేబుల్ గుండా మైకుకు అందించే కరెంటైన ఫాంటమ్ పవర్‌ను తాను తీసుకుని మైకు వరకు పోనివ్వదు. ఫాంటమ్ 48 వోల్టులు సరైన కేబుల్‌లో హాని చేయకపోయినా, లోపల ఒక తీగ తెగి ఉంటే రేకును దెబ్బతీయగలవు. అందుచేత కేబుళ్లను ముందే పరీక్షించుకోవాలి. ప్రీయాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (విద్యుత్ అవరోధం) మైకుదానికి కనీసం అయిదు రెట్లుండటం మంచిది; 300 ఓముల రోయర్‌కు 1500 ఓములు కావాలి. మైకుకు పెట్టదలచిన డబ్బులో కొంత తీసి ముందు ఇక్కడ ఖర్చు చేయాలని గట్టిగా చెబుతాను.

మా వైపు వానాకాలపు తేమలో కండెన్సర్లు చిటపటలాడటం నాకు అలవాటైన బాధ. రిబ్బన్లు మాత్రం ఆ ఇబ్బంది ఎన్నడూ పెట్టలేదు. వాటికి శత్రువు గాలి. పాడేవారు ఒకటిన్నర అడుగు దూరం పాటించాలి. అంతకన్నా దగ్గరైతే కింది స్వరాలు ఉబ్బుతాయి, ‘ప’, ‘భ’ల ఊపిరి నేరుగా రేకు మీద పడుతుంది. మా పక్కనే ఇనుప గ్రిల్లులు కోసే షెడ్డు ఉంది. అయస్కాంతం ఇనుప రజనును లాక్కుంటుంది కనుక, పని ముగిసిన వెంటనే మైకుకు గుడ్డ సంచి తొడిగి, నిలువుగానే భద్రపరుస్తాను.

ఒకనాడు తొందరలో ఆర్144ను డోలు ముఖానికి అరడుగు దూరంలో పెట్టడం నేను చేసిన పెద్ద పొరపాటు. ఒక్క దెబ్బ గాలికే రేకు సాగి, పై స్వరాలన్నీ మసకబారాయి. కొత్త రేకు వేయించడానికి దాన్ని ఇప్పుడు పంపాను. తిరిగి వచ్చాక భజన బృందాన్ని రెండు వైపులా కూర్చోబెట్టి ముందువెనుకలు రెండూ వాడతాను, డోలుకు మాత్రం గట్టి దెబ్బలు తట్టుకునే మామూలు డైనమిక్ మైకే పెడతాను.