450 గ్రాముల గ్లాస్ మ్యాట్: నాలుగేళ్ల వాడకం తర్వాత

రేణిగుంట దగ్గర షెడ్డులో నీళ్ల ట్యాంకులకు, కూలర్ బాడీలకు పాలిస్టర్ రెజిన్‌తో (గట్టిపడే జిగట ద్రవం) ఈ మ్యాటే వాడుతున్నాం; ఇది చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే, తరిగిన గాజు పోగుల పరుపు. బలానికి వంక పెట్టలేం. కానీ ఆ బలం గ్రాముల వల్ల వచ్చింది కాదు, పోగు మీదున్న సైలేన్ అనే రసాయనపు పూత వల్ల వచ్చింది. ఆ పూత ఒక కొసన గాజును పట్టుకుంటుంది, రెండో కొసన రెజిన్ గట్టిపడేటప్పుడు దానిలో కలిసిపోతుంది. ఆ పట్టు లేకపోతే రెజిన్ మీద పడిన బరువు పోగుదాకా చేరదు.

పూత సరిగా లేని చౌక రోల్‌తో చేసిన వస్తువు పొడిగా ఉన్నన్నాళ్లూ బాగానే కనిపిస్తుంది. నీళ్లు తగిలాకే బయటపడుతుంది: పోగుల వెంబడి తెల్లటి గీతలు తేలతాయి. పోగుకీ రెజిన్‌కీ నడుమ నీరు దూరిందని దానర్థం.

అందుకే కొత్త రోల్ రాగానే మూడు పొరలతో చిన్న పలక పోసి, పూర్తిగా ఆరాక రెండు పట్టీలు కోయండి. ఒకటి 2 గంటలు మరిగే నీళ్లలో ఉంచి, రెండూ విరిచి అంచు చూడండి. పోగులు రెజిన్ అంటకుండా, చీపురు పుల్లల్లా పొడుగ్గా, నున్నగా బయటికొస్తే ఆ రోల్ ట్యాంకులకు పనికిరాదు. పొట్టిగా తెగి, రెజిన్ అంటుకునే ఉంటే నమ్మొచ్చు. పట్టు మరీ గట్టిదైనా చిక్కే: పగులు పోగుల దగ్గర ఆగకుండా నేరుగా సాగిపోతుంది. దెబ్బలు తగిలే బంపర్లకు అది మంచిది కాదు.

మంచి మ్యాట్‌నైనా పనితనం చెడగొడుతుంది. ఒక్కో పొరకు చదరపు మీటరుకు రెజిన్ సుమారు 1.1 కిలోలు పడుతుంది. కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసే ద్రావణం) ముందే రెజిన్‌లో బాగా కలిపాకే క్యాటలిస్ట్ (రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం) పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుతుంది. తిరుపతి మే ఎండకు 1 శాతం క్యాటలిస్ట్ చాలు. అంతకన్నా తగ్గిస్తే లోపల పచ్చిగా మిగులుతుంది; ఎండకు రెజిన్ మరీ త్వరగా గట్టిపడుతుంటే క్యాటలిస్ట్ తగ్గించే బదులు తెల్లవారుజామునే పని మొదలుపెట్టడం మేలు. మ్యాట్ తెలుపు పోయి, పోగు కంటికి కనబడకుండా పోయేవరకూ రోలర్ ఆపకండి. మిగిలిన ప్రతి గాలి బుడగా పట్టు లేని చోటే.

ఎపాక్సీకి (మరో రకం రెజిన్) మాత్రం ఇది కొనకండి. ఇందులోని బైండర్ (పోగుల్ని కలిపి ఉంచే జిగురు) కరగడానికి పాలిస్టర్‌ రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవం కావాలి. ఎపాక్సీలో అది లేక మ్యాట్ బిరుసుగానే ఉండి, మూలల్లో పైకి లేస్తుంది. నవంబరు వానల్లో తెరిచిన రోల్‌ను పాలిథీన్‌లో చుట్టి, నేలకు ఎత్తుగా పెట్టండి. చెమ్మ పట్టిన మ్యాట్‌ను ఆరబెట్టకుండా వాడొద్దు.